భావశబలత: అర్బుదరోగుల వాఙ్మయము

సంస్కృతాంధ్రకావ్యములను బఠించినవారికి వ్యాధి యను మాట క్రొత్తది కాదు. భరతుఁడు నాట్యశాస్త్రమునఁ బేర్కొన్న 33 సంచారిభావములలో నది యొకటి. మన్మథావస్థలలోను దానికి స్థానము గలదు. అయినను గావ్యములందలి వ్యాధి సాధారణముగా విరహజ్వరమే. తామరాకుల పాన్పు, చందనపుఁ బూఁత, చెలికత్తెల శిశిరోపచారములు, చంద్రదూషణము - ఇట్లు సాగి, నాయకసమాగమముతో నది మాయమగును. అచట రోగిణి యలంకారము. రోగము శృంగారమునకుఁ బోషకము. శరీరమున వేరూని, నెలలకొలఁది, యేఁడులకొలఁది మనుష్యుని విడువక యుండు వ్యాధిని మన కవులు వర్ణించుట మిక్కిలి యరుదు.

కాన్సరుతోఁ గాలము గడపినవారు తమ మనఃస్థితిని దామే వ్రాసికొనిన గ్రంథములును, వారిని గుఱించి యితరులు వ్రాసిన గ్రంథములును గడచిన రెండు శతాబ్దములలోఁ బాశ్చాత్యభాషలందుఁ బెక్కు వెలువడినవి. వానిని జదువు తెలుఁగు పాఠకునకు మొదట నొక చిక్కు తోఁచును. ఒక పుటలో ధైర్యము చెప్పిన రచయితయే మఱుపుటలో బేలయై విలపించును. నిన్న మృత్యువును శాంతముగాఁ దలఁచినవాఁడు నేఁడు చిన్న నొప్పికిఁ గంపించును. ఇది రచనలోని దోషమా? రచయిత దౌర్బల్యమా? లేక వస్తుస్వభావమే యట్టిదా? నాయకుఁడు ధీరుఁడై యుండవలెనను సంప్రదాయమునఁ బెరిగినవారు దోషమేయని తీర్పు చెప్పుట సులభము. ఆ తీర్పు గ్రంథముతో నాగదు. ఇంటిలో మంచము పట్టిన మనుష్యునిపైఁ గూడఁ బడును. కావున నిది కేవల సాహిత్యప్రశ్న కాదు. దీనికి సమాధానము మన యలంకారశాస్త్రమునందే కలదని నిరూపించుట యీ వ్యాసమున కుద్దేశము.

1. నామము - నింద

సుశ్రుతుఁడు నిదానస్థానము 11వ యధ్యాయమున అర్బుదమును వర్ణించెను. గుండ్రనిది, కదలనిది, నొప్పి యల్పముగాఁ గలది, లోఁతుగా వేరూనినది, మెల్లగాఁ బెరుగునది, చీము పట్టనిది యని దాని లక్షణములు. ఒకదానిపై నొకటి పుట్టుదానికి అధ్యర్బుదమనియు, జంటగాఁ బుట్టుదానికి ద్విరర్బుదమనియుఁ బేళ్లిడి, యవి యసాధ్యములని చెప్పెను. గ్రీకు వైద్యులు ఎండ్రకాయకుఁ దమ భాషలోఁ గల పేరునే యీ గడ్డకుఁ బెట్టిరి. ఆ జంతువునకే లాటినులోఁ గల పేరు కాన్సరు. తెలుఁగువారు రాచపుండనిరి. ఆ పేరు ప్రమేహపిడకలకును జెల్లుచున్నను, జనవ్యవహారమున నీ రోగమునకును రూఢమైనది. ఇచట రాచ యను విశేషణమునకుఁ బెద్దది, ఘోరమైనది యని యర్థము. భారతదేశమునఁ బుట్టి యమెరికాలో వైద్యము చేయుచున్న సిద్ధార్థ ముఖర్జీ 2010 లోఁ బ్రకటించిన యీ రోగచరిత్రకు సర్వరోగముల చక్రవర్తి యను నర్థమిచ్చు పేరు పెట్టెను. తెలుఁగు పల్లె యా భావమునే యంతకు మున్నే పలికినది.

పేరు వెంట నింద వచ్చును. క్షయకు మనవారిడిన పేరు రాజయక్ష్మము. దక్షుని కూఁతులను బెండ్లాడిన చంద్రుఁడు రోహిణి యందే యాసక్తుఁడై తక్కినవారి నుపేక్షింపఁగా, దక్షుని కోపము వలన నీ రోగము పుట్టెనని చరకసంహితయందలి కథ. రోగము రోగి నడవడికి ఫలమను భావ మందుఁ గలదు. శాతాతపస్మృత్యాదులందలి కర్మవిపాకప్రకరణములు ఏ పాపమునకే రోగము వచ్చునో పట్టికలు వ్రాసినవి. ఇది ప్రాచీనుల మౌఢ్యమని నేఁటివారు నవ్వుదురు. కాని యాధునికులును అట్టి పట్టికనే వేఱొక భాషలో వ్రాసికొనిరి. కోపమును దుఃఖమును బైటికి రానీయక యడఁచుకొన్నవారికిఁ గాన్సరు వచ్చునని 20వ శతాబ్దమునఁ బలువురు నమ్మిరి. పూర్వజన్మపాపమునకు మాఱుగా నీ జన్మమునందలి మనోవికారము నిలిచెను. నింద మాత్రము రోగి తలపైనే యుండెను.

ఈ నిందను ఖండించిన గ్రంథములలో మొదట నెన్నఁదగినది అమెరికా రచయిత్రి సూసన్ సొంటాగ్ 1978 లోఁ బ్రకటించినది. రోగమును రూపకముగా వాడుటయే దాని విషయము. 19వ శతాబ్దపు ఐరోపా కవులు క్షయను సుకుమారహృదయుల రోగముగా, నొక సౌందర్యముగా నెట్లు చిత్రించిరో, కాన్సరును అడఁచుకొన్న కోరికల రోగముగా, సిగ్గుపడవలసినదిగా నెట్లు చిత్రించిరో యామె సోదాహరణముగాఁ జూపెను. మన విరహజ్వరవర్ణనల నెఱిఁగినవా రీ మొదటి భాగమును జదివి తమ యింటి ముచ్చటయే యనుకొందురు. రోగము రోగమే, అది శిక్ష కాదు, శాపము కాదు, యుద్ధము కాదు అని సొంటాగ్ సిద్ధాంతము. ఆమెకు 1975 లో స్తనార్బుదము గనుఁగొనఁబడెను. ఆ సంగతి గ్రంథమున నెచ్చటను లేదు. మఱియొక రోగి కథకంటె నొక యాలోచన యెక్కువ యుపకరించునని తాను దలఁచినట్లు 1989 నాఁటి గ్రంథమున నామె తెలిపెను. ఆ నిర్ణయము గ్రంథమునకు బలమిచ్చినది, కొఱతయు నిచ్చినది. రోగిపైఁ బడిన నిందను దొలఁగించుట యందుఁ గలదు. నింద తొలఁగిన పిమ్మట రోగి హృదయమున నేమి జరుగునో యందు లేదు.

2. సోపానములా? తరంగములా?

ఆ లోపమును బూరింపఁబూనిన సిద్ధాంతములలోఁ బ్రసిద్ధమైనది ఎలిజబెత్ కూబ్లర్ రాస్ అను వైద్యురాలిది. ఆమె షికాగోలో మరణాసన్నులైన రోగులతో సంభాషించి 1969 లో గ్రంథము ప్రకటించెను. తిరస్కారము, కోపము, బేరము, విషాదము, అంగీకారము అని యైదవస్థలను జెప్పెను. అవి యొకదానిపై నొకటి వ్యాపింపవచ్చుననియు, ఆశ యన్నిటియందు నుండుననియు నామెయే యొప్పుకొనెను. కాని లోకమా సవరణలను విడిచి, యైదు మెట్ల నిచ్చెనను మాత్రము గ్రహించినది. అంతట నంగీకారమును జేరిన రోగి యుత్తమ విద్యార్థి, కోపమున నిలిచినవాఁడు తప్పిన విద్యార్థి యైనారు. నిన్న నాలవ మెట్టున నున్నవాఁడు నేఁడు రెండవ మెట్టునకు దిగినచో బంధువులు నిరాశపడఁజొచ్చిరి.

మన శాస్త్రమిట్టి నిచ్చెనను వేయలేదు. సంచారిభావములకుఁ గ్రమము లేదు. దశరూపకకారుఁడు వానిని సముద్రమునఁ బుట్టి యణఁగు తరంగములతోఁ బోల్చెను. నిర్వేదము, గ్లాని, శంక, దైన్యము, చింత, స్మృతి, హర్షము, ఆవేగము, విషాదము, ఔత్సుక్యము, అమర్షము, త్రాసము, వితర్కము - ఈ పేళ్లను విద్యార్థులు ప్రతాపరుద్రీయమునుండియు నరసభూపాలీయమునుండియు వల్లించుచునే యున్నారు. ఆసుపత్రి వాకిటఁ గూర్చున్న రోగి యొక్క దినమును వీనితోఁ జదివి చూడవలెను. పరీక్షాఫలము కొఱకు వేచియున్నపుడు శంకావితర్కములు; గడ్డ తగ్గినదని వైద్యుఁడు చెప్పఁగానే హర్షము; తనతోఁ జికిత్స మొదలిడినవాఁడు చనిపోయెనని వినఁగానే త్రాసము; ఎదుట నిర్లక్ష్యముగాఁ బొగ త్రాగు నారోగ్యవంతుని జూడ నమర్షము; మందు నరముల కెక్కించిన మఱునాఁడు గ్లాని; నీళ్లచెంబు నందుకొనుటకుఁ బరసహాయము కోరినపుడు దైన్యము. ఇవి మెట్లు కావు, తరంగములు. ఒకటి పోయినదన్నంత మాత్రమున మఱల రాదని లేదు.

మఱియొక విశేషము. లోకము రోగినుండి యెల్లప్పుడును గోరు ధృతిని సైతము భరతుఁ డీ పట్టికయందే చేర్చెను. ధృతి స్థాయి కాదు, సంచారి. వచ్చును, పోవును, మఱల వచ్చును. ధైర్యము సడలుట స్వభావమని శాస్త్రమే యంగీకరింపఁగా, పండితుఁడు రోగిని దూఱుటకుఁ బ్రమాణమేది?

3. ఉపమర్దము - వ్యామిశ్రణము

సంచారులు విడివిడిగా వచ్చుట యొక యెత్తు. కలసి వచ్చుట యొక యెత్తు. ఆలంకారికులు భావోదయము, భావశాంతి, భావసంధి, భావశబలత యని నాలుగు తెఱఁగులు చెప్పిరి. శబలత యనఁగాఁ బెక్కు భావములు చిత్రవర్ణముగా నేర్పడుట. దీని స్వరూపమున వివాదము గలదు. కావ్యప్రకాశవ్యాఖ్యాతలలోఁ గొందఱు, పిమ్మట వచ్చిన భావము మునుపటి భావమును నలఁచివేయుటయే, అనఁగా నుపమర్దమే, శబలత యనిరి. తెలుఁగు వంశజుఁడైన జగన్నాథపండితరాయలు రసగంగాధరమున నా మతమును ద్రోసివేసెను. పరస్పర విరోధము గలవియైనను, ఉదాసీనములైనను, భావములు కలగలియుటయే, అనఁగా వ్యామిశ్రణమే, శబలత యని యాయన మతము.

ఇది కేవలము లక్షణకారుల కలహమని చదువరులు దాఁటిపోవుచుందురు. కాని యర్బుదరోగుల వాఙ్మయమును బరీక్షింపఁగా నిదియే ముఖ్యభేదమని తేలును. భయమును ధైర్యముతో జయింపుమని బంధువులు చెప్పునది యుపమర్దవాదము. భయమును ధైర్యమును నేకకాలమున నుండునని రోగులు వ్రాసినది వ్యామిశ్రణవాదము.

ఆంగ్లనవలాకర్త్రి ఫానీ బర్నీకి 1811 సెప్టెంబరు 30 న పారిసు నగరమున స్తనచ్ఛేదము జరిగెను. మత్తుమందు లింకను లేవు. ఇచ్చినది కొంచెము మద్యము మాత్రమే. నెపోలియను సేనలకు శస్త్రవైద్యుఁడైన లారే కత్తిపట్టెను. కట్టు కట్టువఱకు నిరువది నిమిషములు పట్టెనని యామె వ్రాసెను. ఈ సంగతిని సోదరికి వ్రాయుటకు నెలలు పట్టినవి. వ్రాసినదానిని దిరిగి చదువుటకే యామెకు ధైర్యము చాలలేదు. ఆ యుత్తరములో భయమున్నది. భర్త యీ బాధను జూడకుండ నాతని దూరమున నుంచిన వివేకమున్నది. నల్లని దుస్తులతో నేడుగురు పురుషులు గదిలోఁ బ్రవేశింపఁగాఁ గలిగిన యమర్షమున్నది. చివర, తనవలెనే పాలిపోయిన లారే ముఖమును జూచి, యాతఁడును దుఃఖపడెనని గ్రహించిన కరుణయున్నది. ఏ భావమును మఱియొకదానిని నలఁచివేయలేదు. నొప్పిపడిన స్త్రీయే నొప్పి కలిగించినవానిపై జాలిపడినది. ఆ తర్వాత నామె 1840 వఱకు జీవించెను.

రష్యను రచయిత సోల్జెనిత్సిన్ 1954 లో తాష్కెంటు నగరమున నర్బుదమునకుఁ జికిత్స పొందెను. ఆ యనుభవమునుండి పుట్టిన కాన్సరువార్డు నవల 1968 లో విదేశములందు వెలువడెను. స్వదేశమున 1990 వఱకు నచ్చు కాలేదు. అందు రోగులు పలువురు. ఎఫ్రేము పొద్దుయెవ్ అను మోటు మనుష్యుఁడు టాల్‌స్టాయి కథ నొకదానిని జదివి, మనుష్యుఁడు దేనివలన బ్రతుకునని వార్డునెల్ల నడుగును. అధికారగర్వము గల రుసానొవ్ తన వార్డుసంఖ్య 13 అని చూచి బెదరును. చికిత్స చేయు వైద్యురాలు దొంత్సోవయే రోగిణి యగును. ముఖ్యపాత్ర కొస్తొగ్లోతొవ్ చెఱసాలలు దాఁటి వచ్చినవాఁడు. ఆసుపత్రినుండి విడుదలయైన దినమున వాని మనస్సు నడచిన తీరు భావశబలతకు లక్ష్యముగాఁ జూపఁదగినది. ఉదయమునఁ బూచిన జల్దరుచెట్టును వెదకి చూచి పసివానివలె హర్షించును. ప్రజలు వస్తువులు కొను పెద్ద యంగడిలో, ఒకఁడు చొక్కా మెడకొలఁత చెప్పి యడుగుట విని, తాను గోల్పోయిన లోకమెంత దూరమో యని విషాదపడును. జంతుశాలలో, దుష్టుఁ డొకఁడు పొగాకు చల్లి కన్నులు పోఁగొట్టిన కోఁతిని గుఱించిన ప్రకటన చదివి నివ్వెఱపోవును. ప్రేమించిన వైద్యురాలి యింటి కేగి, కలసికొనలేక మరలును. చివరకు రైలుబండిలో సామానుల పలకపై బోర్ల పరుండి పోవును. రోగము తగ్గెనని సంతోషింపవలసిన దినమిది. సంతోషమున్నది; దానిలోనే శోకమున్నది. ఈ ప్రకరణమును ఉపమర్దవాదముతోఁ జదువువాఁడు నాయకుని కృతఘ్నుఁడనును. వ్యామిశ్రణమును గ్రహించినవాఁడే దాని సత్యమును గ్రహించును.

ఇంతటి గ్రంథమునను లోపము లేకపోలేదు. రచయిత యొకచోట గడ్డను దేశమునందలి ఖైదుశిబిరములకుఁ బోల్చును. అచట రోగి మఱఁగుపడి రాజ్యము ముందునకు వచ్చును. సొంటాగ్ నిషేధించిన రూపకము మహారచయితనుసైత మాకర్షించెను.

4. అవహిత్థము

సంచారులలో అవహిత్థ మొకటి గలదు. సిగ్గుచేతనో, భయముచేతనో మనోభావమును దాఁచి వేఱొక యాకారమును జూపుట దాని లక్షణము. కావ్యములలో ముగ్ధనాయిక దీనికిఁ బాత్రము. రోగశయ్యపై నిది యెంత దారుణమగునో టాల్‌స్టాయి 1886 లోఁ బ్రకటించిన ఇవాన్ ఇల్యీచ్ మరణమను కథ చూపినది. న్యాయాధికారి యగు ఇవాన్ ఇల్యీచ్‌నకు వచ్చిన రోగము పే రందు లేదు; పిమ్మటివారు పలువు రర్బుదమని యూహించిరి. చిన్ననాఁడు తర్కగ్రంథమునఁ జదివిన యనుమానము వానికి జ్ఞప్తికి వచ్చును: మనుష్యులందఱు మర్త్యులు, కయస్సు మనుష్యుఁడు, కావునఁ గయస్సు మర్త్యుఁడు. వ్యాప్తి సరియే, పక్షధర్మత సరియే. కాని తాను గయస్సు కాఁడే! నైయాయికు లీ భాగమును జదివి నవ్వి, పిమ్మట నవ్వు నాపుకొందురు.

ఇవాన్ ఇల్యీచ్‌ను బాధించినది నొప్పి యొకటియే కాదు. అతఁడు చనిపోవుచున్నాఁడని యందఱు నెఱిఁగియుఁ, గొంచెము జబ్బుగా నున్నదని యందఱును నటించు నసత్యము వానిని మిక్కుటముగా వేధించెను. సేవకుఁడు గెరాసిమ్ మాత్రము నటింపలేదు. యజమాని కాళ్లను దన భుజములపై నిడుకొని కూర్చుండి, అందఱము నొకనాఁడు పోవువారమే, యీ మాత్రము శ్రమ పడరాదా యను భావముతో మాటాడెను. కథలోని యూఱట యంతయు నా భుజములపై నున్నది.

మన యిండ్లలో రోగికి రోగనామము చెప్పక దాఁచుట తఱచు. రోగియు నెఱిఁగియే, పిల్లలు బాధపడుదురని యెఱుఁగనట్లు నటించును. ఇరువైపుల నవహిత్థము, నడుమ నెవ్వరును మాటాడరు. ప్రేమవలననే యిది పుట్టును. అయినను దాని ఫలము ఏకాంతము. సొంటాగ్ కథయు నిట్లే ముగిసెను. రోగమునకుఁ గల ముసుఁగులను దొలఁగింపఁజూచిన యామెయే 2004 డిసెంబరు 28 న రక్తార్బుదమున మరణించువఱకు మృత్యుప్రసంగమును సహింపలేదనియు, చుట్టునున్నవా రాశనే పలుకవలసివచ్చెననియు నామె కుమారుఁడు డేవిడ్ రీఫ్ 2008 నాఁటి గ్రంథమునఁ దెలిపెను. ఇది యామెకు దోషము కాదు. సిద్ధాంతము చెప్పినవారును దరంగములకు లోఁబడినవారే యనుటకు నిదర్శనము.

అవహిత్థమును బహిరంగముగాఁ దిరస్కరించినది నీగ్రోజాతి కవయిత్రి ఆడ్రె లార్డ్. 1978 లో నామెకు స్తనచ్ఛేదము జరిగెను. 1980 లో దినచర్యలును వ్యాసములును గలిపి గ్రంథము ప్రకటించెను. శస్త్రచికిత్సయైన కొలఁది దినములకే యొక యుపకర్త్రి గొఱ్ఱెయున్నితోఁ జేసిన కృత్రిమస్తనమును దెచ్చి, దానిని ధరించినచో భేదమెవ్వరికిఁ దెలియదనెను. దానిని ధరింపక వైద్యుని కడకేగినపుడు, ఇతరరోగుల యుత్సాహము చెడునని యచటి పరిచారిక మందలించెను. కన్ను గోల్పోయి నల్లపట్టీ ధరించిన ఇస్రాయేలు సేనాని మోషే దయాన్‌ను వీరుఁడని లోకము గౌరవింపఁగా, స్త్రీ తన గాయమును దాఁచుకొనవలెనా యని లార్డ్ ప్రశ్నించెను. ఆమె దినచర్యలలోఁ గోపము, భయము, స్నేహితురాండ్ర యెడఁ గృతజ్ఞత, పని చేయవలెనను నౌత్సుక్యము తారుమారుగా వచ్చును. పొందికగా సవరింప నామెకు శక్తి లేక కాదు. సవరింపకుండుటయే యామె సత్యనిష్ఠ.

5. ధైర్య మౌషధమా?

ఇచట నొక పూర్వపక్షము. ఉల్లాసముగా నుండు రోగి యెక్కువకాలము జీవించునేని, వ్యామిశ్రణమను పేర శోకమునకుఁ జోటిచ్చుట హానికరము కాదా? ఈ యాక్షేపమునకు వైద్యులే సమాధాన మిచ్చిరి. 1989 లో డేవిడ్ స్పీగెల్ మొదలగువారు, వ్యాపించిన స్తనార్బుదము గల 86 మంది స్త్రీలను బరీక్షించి, గోష్ఠులలోఁ గూడి తమ భావములను జెప్పుకొన్నవారు సగటున 36.6 నెలలును, తక్కినవారు 18.9 నెలలును జీవించిరని ప్రకటించిరి. లోక మాశపడెను. 2001 లో పమీలా గుడ్విన్ మొదలగువారు కెనడాలో 235 మందితోఁ జేసిన పరిశోధనలో నాయుర్దాయమున భేదము కానరాలేదు. 2007 లో స్పీగెల్ తానే మఱల జేసిన పరిశోధనయు మొదటి ఫలమును మొత్తముమీద స్థాపింపలేకపోయెను. ఆ యేఁటనే జేమ్సు కొయిన్ మొదలగువారు తలయందును మెడయందును నర్బుదము గల 1,093 మందిని బరిశీలించి, మనస్సౌఖ్యమునకును నాయువునకును సంబంధము లేదని తేల్చిరి.

అయినచో గోష్ఠులు వ్యర్థములా? కావు. 2001 నాఁటి పరిశోధనలోనే, అట్లు మాటాడుకొన్నవారికి మనోవేదనయు నొప్పియుఁ దగ్గినవని కనఁబడెను. ఎక్కువ వ్యథతో నున్నవారికే యెక్కువ మేలు కలిగెను. భావప్రకటన యాయువును బెంచలేదు; ఉన్న యాయువును భరింపఁదగినదిగాఁ జేసెను. కావ్యమునకును నింతకంటె నధికమైన ప్రయోజనమును గోరుట న్యాయము కాదు. నిత్యోల్లాసమును రోగిపై రుద్దుట నిరంకుశత్వమని, కాన్సరురోగుల మనోవైద్యమునకు మార్గదర్శిని యైన జిమ్మీ హాలండ్ 2000 నాఁటి గ్రంథమున నిరసించెను. ఉల్లాసము వలన రోగము పోదు. శోకము వలన రోగము పెరుగదు. కావున రాత్రివేళ నేడ్చిన రోగి తన చావును దాను దెచ్చుకొనుచున్నాఁడను నపవాదము శాస్త్రమునకును ధర్మమునకును విరుద్ధము.

6. రసాక్షేపము

రెండవ యాక్షేపము పండితులది. రసశాస్త్రము సహృదయుని యాస్వాదము కొఱ కేర్పడినది. లౌకికదుఃఖము దుఃఖమే కాని రసము కాదు. రోగి వేదనకు సంచారిభావముల పేళ్లు పెట్టుట యనౌచిత్యము. ఈ యాక్షేపము గౌరవింపఁదగినది. రోగి వేదన మనకు రసమని చెప్పినవాఁడు క్రూరుఁడు. ఇచటఁ జెప్పఁబడినది యది కాదు. ఆలంకారికులు విభావానుభావసంచారుల లక్షణములను లోకమును జూచియే వ్రాసిరి. లోకమునుండి కావ్యమునకుఁ గొనిపోయిన పేళ్లను, రోగులు వ్రాసిన గ్రంథములను జదువుటకు వాడుట తప్పు కాదు. ఆస్వాదము గ్రంథమునకుఁ జెందును; ఎఱుక మాత్రము గ్రంథమునుండి గృహమునకు రావచ్చును.

శాస్త్రము చాలనిచోటును గలదు. భరతుఁడు వ్యాధిని సంచారిగాఁ జెప్పెను. దీర్ఘార్బుదమున వ్యాధి సంచారి కాదు. చికిత్స ముగిసి యేఁడులు గడచినను, ప్రతి పరీక్షకు ముందు నది లోపలఁ గదలును. తక్కిన భావము లన్నియు దానిపై లేచి పడును. స్థాయిస్థానమున వ్యాధియే కూర్చున్న కావ్యమునకు లక్షణము క్రొత్తగా వ్రాయవలసియున్నది. అది నేఁటి లాక్షణికుల పని.

7. నారాయణీయము

ఇట్టి రచన మన దేశమున బొత్తిగా లేదనరాదు. 16వ శతాబ్దము చివర, కేరళమున మేల్పత్తూరు నారాయణభట్టతిరి వాతరోగపీడితుఁడై గురువాయూరు దేవుని సన్నిధిని నారాయణీయమును రచించెను. నూఱు దశకములు, వేయికిఁ బైఁగా శ్లోకములు గల యా గ్రంథము భాగవతకథకు సంగ్రహము. పోతన భాగవతము నెఱిఁగిన యాంధ్రులకుఁ గథయందుఁ గ్రొత్త లేదు. దశకాంతములయందుఁ గ్రొత్త గలదు. కవి యవతారలీలలో మునిఁగి, దేహమును మఱచి, యాకాశమున విహరించును. దశకము ముగియఁగానే పెక్కుచోట్ల, ప్రభూ, నా రోగమును బాపుమని దిగివచ్చును. మఱల నెక్కును, మఱల దిగును. భక్తి వ్యాధిని నలఁచివేయలేదు. వ్యాధి భక్తిని మాన్పలేదు. చివరి శ్లోకమునఁ గోరునవి ఆయువు, ఆరోగ్యము, సౌఖ్యము. అంతటి భక్తుఁడు దేహసౌఖ్యమును గోరుటకు సిగ్గుపడలేదు. పండితరాయల లక్షణమున కంతకుఁ బూర్వమే యేర్పడిన లక్ష్యమిది.

మేల్పత్తూరు దశకములయందును, బర్నీ యుత్తరమునందును, లార్డ్ దినచర్యలయందును గనఁబడున దొక్కటే. నిలుకడగా నుండుట రోగి ధర్మము కాదు. కలఁతయందును మాట విడువకుండుటయే వారి ఘనత. ఇట్టి గ్రంథములను దెలుఁగునఁ బరిచయము చేయువారు ధీరోదాత్తలక్షణముతోఁ గొలువక భావశబలతతోఁ గొలువవలెను. పాఠశాలలో సంచారిభావములను జెప్పు గురువు విరహిణీపద్యమునకుఁ దోడుగా నవహిత్థమునకు ఇవాన్ ఇల్యీచ్ కథను, ధృతి సంచారి యగుటకు లార్డ్ దినచర్యను జూపవచ్చును. ఆ పాఠము విన్న బాలుఁడు సాయంకాలమింటికిఁ బోయి, మంచముపై నున్న పినతల్లి నిన్న నవ్వి నేఁ డేడ్చుట చూచినచో, ధైర్యము తెచ్చుకొమ్మని దూరమున నిలిచి చెప్పక, గెరాసిమ్ వలె దగ్గఱఁ గూర్చుండును. అలంకారశాస్త్రమున కంతకంటెఁ బెద్ద సార్థక్యము వెదకఁ బనిలేదు.